హోటల్ వంటగది టైల్స్ సందుల్లో జిడ్డు: యాసిడ్ ఆపి ఏం వాడాలి?

మీ సమస్య నాకు అర్థమైనంతలో ఇది. అరవై సీట్ల హోటల్. పొద్దున టిఫిన్లు, మధ్యాహ్నం నుంచి బిర్యానీ, స్టార్టర్లు. వంటగది నేలకు యాంటీ స్కిడ్ టైల్స్, గోడకు తెల్లటి గ్లేజ్డ్ టైల్స్, సందుల్లో మామూలు సిమెంటు గ్రౌట్. వేయించి రెండేళ్లయింది. ఫ్రయ్యర్ దగ్గర, పొయ్యిల వరుస కింద సందులన్నీ నల్లబడ్డాయి. ప్రతి ఆదివారం రాత్రి యాసిడ్ పోసి తోమిస్తున్నారు. సోమవారం తెల్లగా ఉంటుంది, శుక్రవారానికి మళ్లీ నలుపే. ఈమధ్య గ్రౌట్ ఇసుకలా రాలుతోంది. ఇంతకంటే స్ట్రాంగ్ కెమికల్ ఏదైనా ఉంటే చెప్పమన్నారు.

స్ట్రాంగ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ యాసిడ్ ఆపించండి. నేను హోటళ్లలో కిచెన్ స్టీవార్డింగ్‌లో, అంటే వంటగదిని, గిన్నెల్ని శుభ్రంగా ఉంచే విభాగంలో, ఇరవై రెండేళ్లు పనిచేశాను. గిన్నెలు తోమే దగ్గర మొదలుపెట్టి డిపార్ట్‌మెంట్ చూసుకునేదాకా వచ్చాను. మీరు చేస్తున్న తప్పు నేనూ చేశాను, అదీ ఒక ఏడాది పాటు, ఎవరూ చెప్పక.

గ్రౌట్ అంటే సిమెంటు, సన్న ఇసుక. సిమెంటులో ఉన్న సున్నం యాసిడ్ తగిలితే కరిగిపోతుంది. పోయగానే బుసబుసమని నురగ వస్తుందే, మనవాళ్లు దాన్ని చూసి జిడ్డు కోసేస్తోందని సంబరపడతారు. అక్కడ కరుగుతున్నది గ్రౌట్. యాసిడ్‌కి నూనెతో పెద్దగా పనే లేదు. సిమెంటు పైపొర కరిగిపోయేటప్పుడు దానికి అంటుకున్న నలుపు కూడా కొట్టుకుపోతుంది కాబట్టి తెల్లబడినట్టు కనిపిస్తుంది. కింద బయటపడిన కొత్త పొర గరుకుగా, గుల్లగా ఉంటుంది. ఆ గుల్లలోకి నూనె ఇంకా తేలిగ్గా దిగుతుంది. ఒకప్పుడు నెలకి నల్లబడిన సందు మీకిప్పుడు నాలుగు రోజులకే నల్లబడటానికి కారణం అదే. పైగా ఆ యాసిడ్ ఆవిరి మీ స్టీల్ టేబుళ్ల కాళ్లకి, ఫ్రిజ్ తలుపు కిందికి పడుతుంది. 304 రకం స్టీల్ అయినా సరే, ఈ యాసిడ్‌లో ఉండే క్లోరైడ్ తగిలితే సన్నటి గుంటలు పడి తుప్పు చుక్కలు కనిపిస్తాయి. టేబుల్ కాళ్లు ఒకసారి వంగి చూడండి.

విశాఖలో నేను చేసిన ఒక హోటల్లో ఇలాగే ఏడాది గడిచాక, నేల మీద నడుస్తుంటే కొన్ని టైల్స్ డొల్లగా మోగడం మొదలైంది. సందుల్లోంచి నీళ్లు కిందికి దిగి టైల్ కింద సిమెంటు వదిలేసింది. ఒక టైల్ లేపి చూస్తే కింద నల్లటి మడ్డి, బొద్దింకలు. పెస్ట్ కంట్రోల్ వాళ్లు నెలనెలా వచ్చి మందు కొడుతుంటే బొద్దింకలు ఎక్కడి నుంచి వస్తున్నాయో మాకు ఆ రోజే తెలిసింది.

జిడ్డుకి విరుగుడు క్షారం. ఇది మన అమ్మమ్మలకి తెలిసిన సంగతే. నేతి గిన్నె బూడిదతో తోమేవాళ్లు. కట్టె బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది, అది క్షారం. చాకలివాళ్లు చౌడు మట్టి వాడేవారు, అందులో ఉండేది సోడా. నూనెకి క్షారం కలిస్తే కొంత సబ్బుగా మారిపోతుంది, ఆ సబ్బే మిగతా నూనెని నీళ్లలోకి లాగుతుంది. సిమెంటు తనే క్షార గుణం ఉన్న పదార్థం, దాని పీహెచ్ (7 దాటి ఎంత పెరిగితే అంత గట్టి క్షారం) 12కి పైనే ఉంటుంది. అందుకే క్షారం సిమెంటు గ్రౌట్‌ని యాసిడ్‌లా తినేయదు.

అయితే ఏ క్షారం, ఎంత అన్నది జిడ్డు వయసుని బట్టి ఉంటుంది. ఇవాళ చిందిన నూనెకి వేడి నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ చాలు. నాలుగు రోజులు పేరుకుని, మీద దుమ్ము, పిండి, మసాలా అంటుకుని మడ్డిలా అయినదానికి మామూలు ఆల్కలైన్ డీగ్రీజర్, అంటే జిడ్డు వదిలించే క్షారపు మందు కావాలి, పీహెచ్ 11, 12 ఉన్నది. ఇక ఫ్రయ్యర్ వెనక గోడ మీద, పొయ్యి కాళ్ల చుట్టూ పసుపుపచ్చగా, గోధుమ రంగులో, గోరుతో గీకినా రాని పొర ఒకటి ఉంటుంది. అది ఇప్పుడు నూనె కాదు. వేడికి, గాలికి నూనె అణువులు ఒకదానికొకటి అతుక్కుని వార్నిష్‌లా గట్టిపడింది. దోసె పెనం మీద నల్లగా మెరిసే పొర ఉంటుంది చూడండి, అచ్చం అదే. పెనం మీద ఉంటే వరం, టైల్ మీద ఉంటే శని. దీనికి కాస్టిక్ (సోడియం హైడ్రాక్సైడ్) ఉన్న గట్టి డీగ్రీజర్ కావాలి, దాంతోపాటు ఓపిక కూడా. ఓవెన్లు, గ్రిల్లులు కడగడానికి అమ్మే రకం ఈ కోవలోదే. హోటల్ సప్లయర్ల దగ్గర దొరికే సుమా గ్రిల్ డి9 లాంటివి అలాంటివి. వారానికోసారి మొత్తం నేలకి ఇది వాడక్కర్లేదు, ఆ పొర ఉన్నచోట మాత్రమే.

హౌస్‌కీపింగ్ సామాను అమ్మేవాళ్లు తరచుగా అంటగట్టే రెండిటి గురించి చెప్పాలి. టాస్కి ఆర్2 మంచి సరుకే, కానీ అది మామూలు నేలలు, గోడలు తుడవడానికి. మీ ఫ్రయ్యర్ ముందు నేలకి అది చాలదు. ఆర్6 టాయిలెట్ కోసం చేసిన యాసిడ్ సరుకు, వంటగదిలోకి రానే కూడదు. తెల్ల ఫినాయిల్ కూడా అంతే. వాసన వస్తే శుభ్రమైపోయిందని మనకో అలవాటు. దాంట్లో పైన్ నూనె ఉంటుంది. జిడ్డు నేల మీద నూనె రకం మందు తుడవడం ఏమిటో, ఆ వాసన బిర్యానీలోకి రావడం ఏమిటో ఆలోచించండి.

కొనేటప్పుడు డబ్బా మీది పేరు చూడకండి. డీలర్‌ని ఎమ్‌ఎస్‌డీఎస్ కాగితం, అంటే సరుకులో ఏముందో, ఏం జాగ్రత్తలు కావాలో రాసిన పత్రం అడగండి. ఇవ్వనంటే ఆ సరుకు వద్దు. అందులో 9వ విభాగంలో పీహెచ్ రాసి ఉంటుంది, 3వ దాంట్లో ఏమేం కలిపారో ఉంటుంది, 4వ దాంట్లో మీద పడితే ఏం చేయాలో ఉంటుంది. సోడియం హైడ్రాక్సైడ్ గానీ పొటాషియం హైడ్రాక్సైడ్ గానీ, సోడియం మెటాసిలికేట్, బ్యూటైల్ గ్లైకాల్ లాంటి పేర్లు కనిపిస్తే అది నిజమైన డీగ్రీజర్. హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్ అని ఉంటే అక్కడే పెట్టేయండి. మెటాసిలికేట్ గురించి ఒక మాట: అది మడ్డిని బాగా లేపుతుంది గానీ, సరిగా కడగకుండా ఎండనిస్తే తెల్లటి పొర వదులుతుంది. అలాంటి పొర కనిపిస్తే కెమికల్ మంచిది కాదనుకోకండి. చాలాసార్లు కడగడం చాలలేదని అర్థం.

డబ్బులు తక్కువున్న చోట నేను చేయించింది ఇంకోటి ఉంది. లీటరు వేడి నీళ్లకి 50 గ్రాముల చాకలి సోడా, రెండు చెంచాల గిన్నెల లిక్విడ్. మధ్యరకం మడ్డికి ఇది చక్కగా పనిచేస్తుంది. వంట సోడా వేరు, చాకలి సోడా వేరు. వంట సోడా పీహెచ్ 8 దాటి కొంచెం ఉంటుంది, చాకలి సోడా 11 దాకా వెళ్తుంది. ఇంటర్నెట్‌లో చెప్పే వంట సోడా, వెనిగర్ కలిపిన మిశ్రమం మాత్రం చూడటానికి నురగ తప్ప ఏమీ లేదు. ఒకటి క్షారం, ఇంకోటి ఆమ్లం, రెండూ కలిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. బట్టల సర్ఫ్ పొడి కూడా చాలామంది వాడతారు. జిడ్డు కొంత పోతుంది గానీ నురగ వదలదు, నాలుగు నీళ్లు పోసినా సందుల్లో మిగిలి జారుడు చేస్తుంది. తడిలో సబ్బు మిగిలిన నేల మీద కుక్ వేడి సాంబారు గిన్నెతో నడుస్తాడు. ఆ ఖర్చు ముందు డీగ్రీజర్ ఖర్చు ఎంత.

కాస్టిక్ పలుకులు బజారులో చవగ్గా దొరుకుతాయి. కొని మీ అబ్బాయిలతో కలిపించకండి. మీకు తెలిసినా, రేపు కొత్తగా చేరినవాడికి తెలియదు. కలపక తప్పని పరిస్థితి వస్తే, చల్లటి నీళ్లలోకి కాస్టిక్ కొద్దికొద్దిగా వెయ్యాలి. కాస్టిక్ మీద నీళ్లు పోస్తే ఎగిసి మొహాన కొడుతుంది. కంట్లో క్షారం పడితే యాసిడ్ కంటే ప్రమాదం, ఎందుకంటే అది లోపలికి దిగిపోతూనే ఉంటుంది. వెంటనే పంపు కింద కనీసం పావుగంట కడిగి, ఆ తర్వాతే ఆస్పత్రికి. ఈ మాట సింక్ దగ్గర రాసి అంటించండి. గ్లవ్స్ నైట్రైల్‌వి, మోచేతిదాకా వచ్చేవి కొనండి. గోడ తోమేటప్పుడు కళ్లజోడు తప్పనిసరి, మందు పైనుంచి కారుతుంది కాబట్టి. చెప్పులతో కాదు, గంబూట్లతో చేయించాలి.

కాస్టిక్‌కీ, చాకలి సోడాకీ అల్యూమినియంతో పడదు. బిర్యానీ డేగిసాలు, ఎగ్జాస్ట్ ఫిల్టర్లు చాలాచోట్ల అల్యూమినియమే. ఒకసారి మా కుర్రాడు ఫిల్టర్లు కూడా పనిలోపనిగా శుభ్రమైపోతాయని అదే బకెట్‌లో నానేశాడు. గంట తర్వాత చూస్తే నురగ పొంగుతోంది, ఫిల్టర్లు నల్లబడి చేత్తో పట్టుకుంటే విరుగుతున్నాయి. అక్కడ వచ్చే వాయువు హైడ్రోజన్. పక్కన పొయ్యి వెలుగుతుంటే ఏమయ్యేదో.

ఇప్పుడు అసలు పని. నా అనుభవంలో కెమికల్ సగమే. 1959లో జర్మనీలో సిన్నర్ అనే ఆయన శుభ్రం చేయడాన్ని నాలుగు భాగాలుగా చెప్పాడు: మందు, వేడి, సమయం, రాపిడి. ఒకటి తగ్గితే మిగతావి పెంచుకోవాలి. మన దగ్గర మందు ఒక్కటే పెంచుతాం, మిగతా మూడింటినీ పట్టించుకోం. పైగా ఐదోది ఒకటి నేను కలుపుతాను: ఊడిన మురికి నేల మీద నుంచి వెళ్లిపోవాలి. మాప్ బకెట్‌లో అదే నీళ్లు ముంచి ముంచి తుడిస్తే, టైల్ మీది జిడ్డుని తీసుకెళ్లి సందుల్లో పూడుస్తున్నట్టే. టైల్ ఎత్తు, సందు పల్లం. మాప్ నీళ్లు పల్లానికే పోతాయి. చాలా వంటగదుల్లో సందులు నల్లబడటానికి కారణం ఆ మాపే.

రాత్రి మూసేశాక పొయ్యిలన్నీ ఆపించి, ఎగ్జాస్ట్ నడుస్తుండగా చేయించండి. తిండి పదార్థాలు మూతలు పెట్టి ఫ్రిజ్‌లోకి. ముందు పొడిగా ఊడ్చి, మందంగా ఉన్న మడ్డిని ప్లాస్టిక్ గీకుడు పరికరంతో ఎత్తి చెత్తలో వేయాలి, డ్రెయిన్‌లో కాదు. డీగ్రీజర్‌ని వేడి నీళ్లలో కలపండి, 50 డిగ్రీల దగ్గర, చెయ్యి పెట్టి ఎక్కువసేపు ఉంచలేనంత. వేడి ఎందుకంటే డాల్డా 31 నుంచి 41 డిగ్రీల మధ్య ఎక్కడో కరుగుతుంది, పామాయిల్ కూడా ఇంచుమించు అదే. జనవరి పొద్దున చన్నీళ్లు పోస్తే ఆ కొవ్వు సందులో మైనంలా బిగుసుకుని కూర్చుంటుంది, ఏ మందూ లోపలికి పోదు. కానీ డబ్బా మీద వేడి నీళ్లు వద్దని రాసి ఉంటే ఆ మాటే వినండి. కాస్టిక్ రకాలు కొన్ని వేడికి ఆవిరి ఎక్కువ వదులుతాయి.

కొలత డబ్బా మీద ఉన్నదే. నేను మామూలుగా రోజువారీ కడుగుడికి 1కి 30, 40 పాళ్ల నీళ్లు, మీలాంటి పాత జిడ్డుకి మొదటిసారి 1కి 10 పాళ్లు వాడించేవాణ్ణి. చేత్తో గుమ్మరించడం కాదు, కొలత కప్పు కొని తాడుతో డబ్బాకి కట్టేయండి. మందు పొగలా స్ప్రే కొట్టకండి, ముక్కులోకి పోతుంది. మగ్గుతోనో, పెద్ద చుక్కలు పడే స్ప్రేతోనో పోసి, ఒకేసారి నాలుగైదు అడుగుల మేరే తీసుకోండి. పది నిమిషాలు వదలాలి, ఈలోగా ఆరకూడదు. ఆరుతుంటే మళ్లీ తడపాలి. మనవాళ్లకి ఈ పది నిమిషాలే కష్టం. పోయగానే రుద్దేస్తారు. మందు పని మందుని చేయనివ్వకుండా చేతులరగదీసుకుంటారు.

తర్వాత గట్టి నైలాన్ బ్రష్‌తో సందు వెంటే తోమాలి, అడ్డంగా కాదు. ఇనుప బ్రష్ గ్రౌట్‌ని తవ్వుతుంది, తెగిన తీగ ముక్కలు సందులో తుప్పు పట్టి మచ్చలు వేస్తాయి. ఒక్కోసారి తిండిలోనూ తేలతాయి. ఊడిన మురికిని వెట్ వ్యాక్యూమ్ ఉంటే దానితో పీల్చాలి. లేకపోతే వైపర్‌తో వెంటనే డ్రెయిన్ వైపు లాగి, మంచినీళ్లు పోసి మళ్లీ లాగి, ఇంకోసారి పోసి లాగాలి. మొత్తం నేల ఒక్క రాత్రిలో అయిపోవాలనుకోకండి. మూడు నాలుగు రాత్రులకి పంచుకోండి. గోడ అయితే మందు కింది నుంచి పైకి పూస్తూ వెళ్లాలి, కడిగేటప్పుడు పైనుంచి కిందికి. పైనుంచి పూస్తే కారిన చారలు పొడి జిడ్డు మీద అచ్చుపడి అలాగే కనిపిస్తాయి.

మధ్యలో ఒకటి చూసి భయపడొద్దు. డీగ్రీజర్ పోయగానే కొన్ని సందులు ఎర్రగా, ఇటుక రంగులో మారతాయి. మా దగ్గర కొత్త కుర్రాడు మందు వల్ల టైల్ కాలిపోతోందని పరుగెత్తుకొచ్చాడు. అది పసుపు. పసుపుకి క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పారాణికి పసుపు, సున్నం కలిపితే వచ్చే రంగు అదే కదా. కడిగితే మళ్లీ పచ్చబడుతుంది. ఇదే గుణాన్ని నేను పనికొచ్చేలా వాడుకున్నాను: పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన తెల్ల కాగితం ముక్కని కడిగిన తడి నేల మీద అద్దితే, ఎర్రబడితే ఇంకా క్షారం మిగిలింది, మళ్లీ కడగాలి. పీహెచ్ కాగితం కొంటే ఇంకా కచ్చితం, కానీ ఇది వంటగదిలోనే ఉంటుంది.

జిడ్డు పోయాక కూడా మిగిలే పసుపు, మసాలా, టమాటా రంగుకి డీగ్రీజర్ పనికిరాదు. అక్కడ సోడియం పర్‌కార్బొనేట్ అనే పొడి బాగా పనిచేస్తుంది. లాండ్రీ కెమికల్స్ అమ్మేచోట విడిగా దొరుకుతుంది. వేడి నీళ్లలో కలిపితే చాకలి సోడా, హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా విడిపోతుంది. ముద్దలా కలిపి సందుల మీద వేసి అరగంట ఉంచి తోమండి. కలిపింది అప్పటికప్పుడు వాడేయాలి. మూత బిగించిన సీసాలో దాస్తే లోపల గ్యాస్ పుట్టి సీసా పగులుతుంది.

బ్లీచింగ్ విషయంలో నాకు పట్టింపు ఉంది. దాంతో జిడ్డు పోదు. జిడ్డు మీద పోస్తే దాని శక్తంతా ఆ మురికితోనే ఖర్చయిపోతుంది, క్రిములు హాయిగా ఉంటాయి. కడిగి, జిడ్డు పూర్తిగా పోయాక మాత్రమే వాడాలి. 5 శాతం క్లోరిన్ ఉన్న ద్రావణమైతే లీటరు నీళ్లకి 20 మిల్లీలీటర్లు కలిపితే 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) వస్తుంది, నేలకి చాలు. తిండి తగిలే టేబుళ్లకి 4 మిల్లీలీటర్లు, అంటే 200 పీపీఎం. ఇక యాసిడ్ ఉన్న దేనితోనూ బ్లీచింగ్ కలవకూడదు, ఒకే డ్రెయిన్‌లో వెంటవెంటనే పోయకూడదు. క్లోరిన్ గ్యాస్ వస్తుంది. నేను పనిచేసిన ఒకచోట బాత్రూమ్ యాసిడ్ పోసిన మూలలోనే ఇంకో అబ్బాయి బ్లీచింగ్ చల్లాడు. పచ్చటి ఘాటు, దగ్గు, అందర్నీ వెనక వీధిలోకి పంపాం. ఆ అబ్బాయి రెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. ఆరోజు నుంచి నా కిచెన్లలో యాసిడ్ డబ్బా, బ్లీచింగ్ డబ్బా ఒకే అలమారలో ఉండలేదు. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2011 నిబంధనల షెడ్యూల్ 4 కూడా కెమికల్స్‌ని తిండి పదార్థాలకి దూరంగా, విడిగా పెట్టమనే చెబుతుంది. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు మొదట చూసేవాటిలో అదొకటి.

ఇంతా చేశాక సందుల మీద తెల్లటి పొర, గోరుతో గీకితే సుద్దలా వచ్చేది కనిపించిందంటే అది నీళ్ల సంగతి. బోరు నీళ్లలో ఉండే కాల్షియం సబ్బుతో కలిసి కరగని పొర వేస్తుంది. ఆ పొరకి మాత్రమే యాసిడ్ పనికొస్తుంది, అదీ తేలిక రకం: సిట్రిక్ యాసిడ్, అంటే నిమ్మ ఉప్పు, లీటరుకి 20, 30 గ్రాములు. ముందు సందులన్నీ నీళ్లతో నానబెట్టాలి, అప్పుడు యాసిడ్ లోపలికి ఎక్కువ దిగదు. మూడు నిమిషాల్లో తోమి కడిగేయాలి. రెండు మూడు నెలలకోసారి మించొద్దు.

ఇది టైల్స్ మాట. చదివేవాళ్లలో ఎవరి వంటగదిలోనైనా నేలకి తాండూరు బండలో, షాబాద్ బండలో, కడప బండో, బేతంచెర్ల నాపరాళ్లో ఉంటే ఈ తేలిక యాసిడ్ కూడా వద్దు. అవన్నీ సున్నపురాయి జాతి. ఒక మూల నిమ్మకాయ రసం చుక్క వేసి పది నిమిషాలాగి తుడిస్తే మెరుపు పోయిన మచ్చ పడుతుంది, అదే పరీక్ష. పాత హోటళ్లలో వండే బండ మీద చింతపండు, పెరుగు పడినచోటల్లా గరుకుగా ఉండేది అందుకే.

రోజువారీ నిర్వహణకి ఎంజైమ్ రకం క్లీనర్లు వస్తున్నాయి. అవి పాత జిడ్డుని ఊడగొట్టవు. కానీ ఒకసారి శుభ్రం చేసిన సందులో, డ్రెయిన్‌లో రాత్రంతా నెమ్మదిగా పనిచేసి కొవ్వు పేరుకోకుండా చూస్తాయి, వాసన తగ్గుతుంది. వాటిలో చాలావాటిలో ఎంజైమ్‌తోపాటు బతికున్న బ్యాక్టీరియా కూడా ఉంటుంది. బ్లీచింగ్ పోసిన రాత్రి పోస్తే, మరిగే నీళ్లతో కలిపితే పనికిరాకుండా పోతాయి. మా దగ్గర డబ్బులు వృథా అయింది ఇలాగే. పగలు ఎంజైమ్, రాత్రి బ్లీచింగ్.

ఇక మీ గ్రౌట్ ఇసుకలా రాలుతోందన్నారు కాబట్టి, ఏ కెమికల్ పోసినా రాలినచోట తిరిగి రాదు. స్క్రూడ్రైవర్ కొనతో గీకి చూడండి. పొడి రాలుతూ లోపలికి దిగిపోతే అక్కడ గ్రౌట్ తీసి మళ్లీ నింపాల్సిందే. మొత్తం నేల అక్కర్లేదు. ఫ్రయ్యర్, పొయ్యిల వరుస, గిన్నెల సింక్ ముందు చేస్తే చాలు. ఈసారి సిమెంటు బదులు రెసిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్ పెట్టించండి. ఖరీదు ఎక్కువ, కానీ నూనె తాగదు. ఎపాక్సీలో కూడా వంటగదికి, కొవ్వు ఆమ్లాలకి తట్టుకునే ఇండస్ట్రియల్ రకం అడగండి. కాలిన నూనెలో ఉండే ఒలీయిక్ యాసిడ్ లాంటివి మామూలు ఎపాక్సీని కూడా కాలక్రమంలో మెత్తబరుస్తాయి. పాత గ్రౌట్‌ని సందు లోతులో మూడింట రెండు వంతులైనా తీయాలి. పైన పూత పూస్తే నెలలో ఊడుతుంది. సందు పూర్తిగా జిడ్డు లేకుండా, పొడిగా ఉండాలి. ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం వద్దు. వేడికి ఎపాక్సీ గిన్నెలోనే బిగుసుకుపోతుంది, మేస్త్రీ తిట్టుకుంటూ టైల్ మీద పొర వదిలేసి పోతాడు, అది గట్టిపడ్డాక తీయడం ఒక పెద్ద టెన్షన్. రాత్రి పెట్టించి, మేస్త్రీ చెప్పినన్ని గంటలు అటు నడవనివ్వకండి. ఉన్న సిమెంటు గ్రౌట్ బాగున్నచోట సీలర్, అంటే నూనె, నీళ్లు లోపలికి దిగకుండా ఆపే పూత, పూయవచ్చు. కానీ సీలర్ శాశ్వతం కాదు. గట్టి డీగ్రీజర్ వాడే నేల మీద ఏడాది ఉంటే గొప్ప.

డ్రెయిన్ కూడా చూసుకోండి. వేడి నీళ్లతో, డీగ్రీజర్‌తో కరిగిన కొవ్వు పైపులో కొంతదూరం పోయి చల్లారి మళ్లీ గడ్డకడుతుంది. గ్రీజ్ ట్రాప్ (పైపులోకి పోయే ముందు కొవ్వుని ఆపే తొట్టి) ఉంటే ఈ శుభ్రం మొదలుపెట్టే ముందు ఒకసారి, నాలుగు రాత్రులూ అయ్యాక ఇంకోసారి తీయించండి. లేకపోతే నేల తెల్లబడుతుంది, పెళ్లి ఆర్డరున్న రోజు సింక్ పొంగుతుంది.

మొదలుపెట్టే ముందు ఒక్క పని చేయండి. ఫ్రయ్యర్ వెనక ఎవరికీ కనపడని మూలలో మూడు సందులు ఎంచుకోండి. ఒకదాని మీద డీగ్రీజర్, ఒకదాని మీద పర్‌కార్బొనేట్ ముద్ద, ఒకదాని మీద నిమ్మ ఉప్పు నీళ్లు, పైన చెప్పిన సమయాలకే. కడిగి, మర్నాడు పూర్తిగా ఎండాక చూడండి, తడి మీద అన్నీ శుభ్రంగానే కనిపిస్తాయి. డీగ్రీజర్ వేసింది బాగుపడితే మీది జిడ్డు సమస్యే, పైన చెప్పినట్టు సాగిపోండి. పర్‌కార్బొనేట్ వేసింది బాగుపడితే రంగు మరక. నిమ్మ ఉప్పుది బాగుపడితే నీళ్లు. మూడూ అలాగే నల్లగా ఉంటే ఆ సందులో నూనె అడుగుదాకా దిగిపోయింది, కెమికల్ కోసం వెతక్కండి, మేస్త్రీని పిలవండి.